తాళంచెవి ఢిల్లీలో ఉండాలా, ఊళ్లో ఉండాలా?

మీ ప్రశ్న ఇదీ: "కేంద్రం గట్టిగా లేకపోతే దేశం ముక్కలవుతుందని మా అన్నయ్య అంటాడు. అధికారాలన్నీ ఢిల్లీలో పెట్టుకుంటే రాష్ట్రాలు మునిసిపాలిటీల్లా మిగులుతాయని నేనంటాను. పండక్కి ఇంటికెళ్తే ఇదే గొడవ. పాలనలో పనిచేసినవాళ్లు ఎవరైనా చెప్పండి, ఎవరిది కరెక్ట్?"

నేను పంచాయతీరాజ్ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఎంపీడీవోగా (మండల పరిషత్ అభివృద్ధి అధికారిగా), చివర్లో కొన్నాళ్లు జిల్లా పరిషత్తులో. ఢిల్లీ మార్గదర్శకాలైనా, హైదరాబాద్ జీవో అయినా, తర్వాత అమరావతి జీవో అయినా, ఆఖరికి వచ్చి పడేది మండలాఫీసు బల్ల మీదే. అందుకని మీ ఇద్దరి వాదనా నేను కింది నుంచి చూస్తాను. మీ అన్నయ్య మాటలో నిజం ఉంది, మీ మాటలోనూ ఉంది. ఇద్దరి మాటల్లోనూ ఊరే లేదు.

ముందు ఒక మరుగుదొడ్డి సంగతి చెప్పాలి.

కోనసీమలో ఒక మండలంలో ఉండగా వ్యక్తిగత మరుగుదొడ్ల టార్గెట్ వచ్చింది. దాంతోపాటే డిజైనూ వచ్చింది: గొయ్యి ఇంత లోతు, సిమెంటు ఒరలు ఇన్ని, యూనిట్‌కు ఇంత డబ్బు. అనంతపురంలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మా దగ్గర వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే నీళ్లూరతాయి. గొయ్యి తవ్వడం పూర్తికాకముందే సగం నిండేది. ఊళ్లో ఒక తాపీమేస్త్రి, "ఒరల్ని నేలమీదకి రెండడుగులు లేపి, చుట్టూ మట్టి పోసి, మూడు మెట్లు కడితే సరిపోద్దండీ" అన్నాడు. సరైన మాట. కానీ ఎస్టిమేట్‌లో మెట్లు లేవు. కొలత మారితే ఎం-బుక్ (పనుల కొలతలు రాసే పుస్తకం) మారాలి, ఎం-బుక్ మారితే బిల్లు ఆగుతుంది. అనుమతి కోసం పైకి రాశాం. జవాబు వచ్చేసరికి మార్చి దాటిపోయింది. డిజైన్ ప్రకారం కట్టినవాటిలో కొన్ని చివరికి పుల్లలు, పిడకలు పెట్టుకునే గదులయ్యాయి.

ఇది చదివి "చూశావా అన్నయ్యా" అనేయకండి. అదే మండలంలో పక్క ఊరి సంగతి కూడా వినండి. అక్కడ మంచినీళ్ల పైపులైను పెద్ద వీధి చివరిదాకా వేసి ఆపేద్దామని పంచాయతీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ చివర నుంచి రెండు ఫర్లాంగులు వెళ్తే ఎస్సీ వాడ. "నిధులు చాలవండీ, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ఆ వచ్చే ఏడు ఎన్నేళ్లుగా రావడం లేదో వాడలో వాళ్లను అడిగితే చెప్పారు. నిధుల్లో ఇంత భాగం ఎస్సీ వాడలోనే ఖర్చు పెట్టాలన్న నిబంధన పైనుంచి ఉండబట్టి, ఆ కాగితం చూపించి తీర్మానం మార్పించాను. ఆ నిబంధన లేకపోతే నా మాట ఎవరూ వినేవారు కాదు. మరుగుదొడ్డి విషయంలో మమ్మల్ని కట్టేసింది పై పెత్తనమే. ఇక్కడ వాడకు నీళ్లు తెచ్చిందీ పై పెత్తనమే.

అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ, పల్లె అంటే సంకుచితత్వానికీ అజ్ఞానానికీ కులతత్వానికీ నెలవు అన్న అర్థంలో మాట్లాడారు. గ్రామ స్వరాజ్యం కలగన్న గాంధేయవాదులకు చాలా కోపం వచ్చింది. పంచాయతీల మాట ఆఖరికి ఆదేశిక సూత్రాల్లో, 40వ అధికరణంలో, ఒక వాక్యంగా మిగిలింది. నా సర్వీసు మొదట్లో ఆయన మాట మరీ కటువు అనుకునేవాణ్ణి. ఆ పైపులైను తర్వాత అనుకోవడం మానేశాను.

ఇప్పుడు మీ అన్నయ్య మాటకు వద్దాం. రాజ్యాంగం రాసిన రోజుల్లో దేశ విభజన పుండు పచ్చిగా ఉంది. అయిదువందలకు పైగా సంస్థానాలు కలవాల్సి ఉంది. మన హైదరాబాద్ సంస్థానం 1948 సెప్టెంబరులో సైన్యం వెళ్తేగానీ కలవలేదు. అందుకే కేంద్రం వైపు మొగ్గేలా రాశారు. ఎవరు దేని మీద చట్టం చెయ్యొచ్చో మూడు జాబితాలు పెట్టారు: మొదట కేంద్ర జాబితాలో 97 అంశాలు, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47. ఏ జాబితాలోనూ లేనివి కేంద్రానివే. ఉమ్మడి అంశంలో గొడవొస్తే సాధారణంగా కేంద్ర చట్టమే నెగ్గుతుంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, 42వ సవరణతో చదువు, అడవులు కూడా రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి. వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్ మీద తమిళనాడు ఇవాళ చేస్తున్న పోరాటానికి వేరు అక్కడుంది.

అయితే దేశం ముక్కలవకుండా ఆపింది కేంద్రం పిడికిలేనా? నాకు అలా అనిపించదు. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న, 58 రోజుల నిరాహార దీక్ష తర్వాత ప్రాణం వదిలారు. భాషా రాష్ట్రాలిస్తే దేశం చీలిపోతుందని అప్పటిదాకా ఢిల్లీ భయపడింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో చాలావరకు భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాయి. దేశం చీలలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పక్క దేశాలు రెండూ దీనికి ఎదురు దారి పట్టాయి. పాకిస్తాన్ 1955లో పశ్చిమాన ఉన్న ప్రావిన్సులన్నిటినీ కలిపి 'వన్ యూనిట్' అంది. శ్రీలంక 1956లో సింహళమే అధికార భాష అని చట్టం చేసింది. పాకిస్తాన్ 1971లో రెండైంది. శ్రీలంక పాతికేళ్లకు పైగా అంతర్యుద్ధంలో మగ్గింది. అంటే ఆ సంగతిలో మీ అన్నయ్య భయం తారుమారుగా ఉంది.

మీరు మాత్రం తొందరపడి గెలిచేశాననుకోకండి. ఇదే కథకు రెండో భాగం ఉంది. రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం 3వ అధికరణం కింద పార్లమెంటుది. అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు, ఒప్పుకోవాలన్న నియమం లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. సీమాంధ్రలో ఉన్నవాళ్లకు అది ఢిల్లీ దౌర్జన్యంగా కనిపించింది. నేనూ ఆ వైపువాణ్ణే, ఆ రోజుల్లో ఆఫీసులో పని జరగలేదు, ఎవరిని చూసినా అదే టెన్షన్. కానీ తెలంగాణవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. అసెంబ్లీకి వీటో ఉండి ఉంటే, అక్కడ తక్కువ సంఖ్యలో ఉన్న వాళ్లకు రాష్ట్రం ఎప్పటికైనా వచ్చేదా? మద్రాసు అసెంబ్లీ ఒప్పుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే 1953లో మనకు మాత్రం వచ్చేదా? పెద్దవాడి నీడలో ఉన్న చిన్నవాడికి ఇంకా పైన ఒకడు కావాలి. ఎస్సీ వాడ పైపులైనుదీ ఇదే లెక్క, కొలత పెద్దది, అంతే.

ఏజెన్సీకి వెళ్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గిరిజనుల భూములు బయటివాళ్లకు వెళ్లకుండా 1/70 చట్టం ఉంది. అయినా విశాఖ మన్యంలో గనుల లీజులు ఇచ్చింది ఎవరు? రాష్ట్ర ప్రభుత్వమే. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెయ్యకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని చెప్పాల్సొచ్చింది. అంటే రాష్ట్ర స్వయంప్రతిపత్తి అన్న మాట బొర్రా చుట్టుపక్కల గూడేల్లో వినేవాళ్లకు వేరేలా వినపడుతుంది.

ఇక గవర్నర్లు, రాష్ట్రపతి పాలన. ఎన్టీఆర్ 'కేంద్రం మిథ్య' అన్నారు. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని రద్దు చేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. జనం రోడ్ల మీదకొచ్చారు, నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణాన్ని ఇష్టమొచ్చినట్టు వాడటానికి 1994లో సుప్రీంకోర్టు బొమ్మై తీర్పు చాలావరకు కళ్లెం వేసింది. బలం ఉందో లేదో శాసనసభలో తేలాలి, రాజ్‌భవన్‌లో కాదు అన్నది అందులో ముఖ్యమైన మాట. ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి, పొడిగించను.

డబ్బు సంగతి మాత్రం పొడిగించాలి. అసలు పెత్తనం అక్కడే ఉంది.

కేంద్రం వసూలు చేసే పన్నుల్లో ఎవరికెంతో చెప్పేది ఆర్థిక సంఘం. 14వ ఆర్థిక సంఘం, మన తెలుగాయన వై.వి. రెడ్డి గారి అధ్యక్షతన, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 శాతం నుంచి ఒకేసారి 42కు పెంచింది. చాలా పెద్ద మార్పు. తర్వాత 15వ సంఘం, జమ్మూకశ్మీర్ కేంద్రపాలితం అయ్యాక, 41 చేసింది. అయితే ఈ వాటా అన్ని పన్నులకూ వర్తించదు. సెస్సులు, సర్‌చార్జీలు అనే అదనపు వడ్డింపులు పంపకంలోకి రావు. పెట్రోలు, డీజిలు మీద కేంద్రం వసూలు చేసే దాంట్లో ఎక్కువ భాగం ఆ పేర్లతోనే ఉంటుంది. ఇంట్లో పెద్దాయన "జీతంలో సగం మీకే" అని, బోనస్, ఓవర్‌టైమ్ జేబులో వేసుకున్నట్టు.

2017 జులై 1 నుంచి జీఎస్టీ. రాష్ట్రాలు తమ చేతిలో ఉన్న అమ్మకం పన్నును, కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్‌లో పెట్టాయి. అక్కడ కేంద్రానికి మూడో వంతు ఓటు, రాష్ట్రాలన్నిటికీ కలిపి రెండొంతులు, ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడొంతులు రావాలి. లెక్క వేసి చూడండి: దేశంలోని రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం వద్దంటే పని జరగదు. రాష్ట్రాల్లో అరవై శాతానికి పైగా కలిసి రాకపోతే కేంద్రం మాటా నెగ్గదు. ఈ ఏర్పాటు నాకు అన్యాయంగా అనిపించదు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోక తప్పదు కదా. చిక్కల్లా, ఒక రాష్ట్రం తన అవసరానికి పన్ను ఒక శాతం పెంచుకునే వీలు దాదాపు పోయింది. మిగిలినవి మద్యం, పెట్రోలు, రిజిస్ట్రేషన్లు. మన రెండు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వం వచ్చినా మద్యం ఆదాయం మీద అంత ఆధారపడటానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు మీ వైపు తప్పు చెబుతాను. ఢిల్లీని అధికారాలు అడిగే రాష్ట్రాలు తమ కింద ఉన్నవాళ్లకు ఏం ఇచ్చాయి?

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చింది. 11వ షెడ్యూల్లో 29 అంశాలు రాశారు: వ్యవసాయం, చిన్న నీటివనరులు, తాగునీరు, బడులు, ఆరోగ్యం, ఇంకా చాలా. కానీ 243-జి అధికరణంలో రాష్ట్రాలు ఆ అధికారాలు 'ఇవ్వవచ్చు' అని ఉంది. ఆ ఒక్క మాట దగ్గర ముప్పై ఏళ్లుగా బండి ఆగిపోయింది. మా శాఖలో 'నిధులు, విధులు, ఉద్యోగులు' అని ఒక మంత్రం ఉంది, ప్రతి శిక్షణ తరగతిలో చదివేవాళ్లం. క్లాసు అయ్యాక టీ తాగి ఎవరి మండలానికి వాళ్లం వెళ్లిపోయేవాళ్లం. ఊళ్లో బడి పంచాయతీ పరిధిలోనే ఉంటుంది, టీచరు రాకపోతే సర్పంచి ఏమీ చెయ్యలేడు. ఏఎన్ఎం ఒక శాఖ, వ్యవసాయ సహాయకుడు ఇంకో శాఖ, అంగన్‌వాడీ మరో శాఖ. ఏపీలో 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఒక్కో ఊరికి పదిమంది దాకా ఉద్యోగులొచ్చారు. జనానికి సర్టిఫికెట్లు దగ్గరయ్యాయి, అది కాదనను. కానీ పంచాయతీ భవనంలోనో, దాని పక్కనో కూర్చున్న ఆ ఉద్యోగుల మీద గెలిచిన సర్పంచికి అజమాయిషీ లేకపోయింది. మా దగ్గర ఒక మహిళా సర్పంచి నవ్వుతూ అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "జెండా పండక్కి నన్ను పిలుస్తారండి, కొబ్బరికాయ మా ఇంటి నుంచే."

ఎన్నికల సంగతి చూడండి. అయిదేళ్లు నిండేలోపు పంచాయతీ ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగమే చెబుతోంది. ఏపీలో 2018 ఆగస్టులో గడువు తీరితే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 మొదట్లో తీరితే 2025 డిసెంబరులో జరిగాయి. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన. పార్టీలు మారాయి, అలవాటు మారలేదు. పాలకవర్గం లేదు కాబట్టి కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. వీధిలైటు మాడిపోతే మార్చడానికి కార్యదర్శులు సొంత జేబులోంచి పెట్టుకున్న ఊళ్లు నాకు తెలుసు. అసెంబ్లీ ఎన్నికలు కేంద్రం రెండేళ్లు వాయిదా వేస్తే మనం ఊరుకుంటామా?

ఆ తర్వాత నిధులొచ్చినా సమస్యే. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే పెట్టాల్సి వచ్చేది. మిగతా 40తోనే ఊరి సొంత అవసరాలు. ఊరికి కావాల్సింది చెరువు గట్టు మీద చిన్న కల్వర్టు అయితే, ఆ అరవైలోంచి పైసా తియ్యడానికి వీలుండేది కాదు. ఇది ఢిల్లీ చేసేది. ఇక 2021లో ఏపీ సర్పంచులు, అధికార పార్టీవాళ్లతో సహా, రోడ్డెక్కింది ఎందుకు? పంచాయతీ ఖాతాలో పడిన ఆర్థిక సంఘం డబ్బు తమకు చెప్పకుండానే కరెంటు బకాయిల కింద వెళ్లిపోయిందని. ఇది రాష్ట్రం మీద వచ్చిన ఫిర్యాదు. తెలంగాణలో పల్లె ప్రగతి కింద ప్రతి పంచాయతీకీ ట్రాక్టరు, నర్సరీ, వైకుంఠధామం (శ్మశానం), డంపింగ్ యార్డు. మంచి పనులే, ఊళ్లు శుభ్రపడ్డాయి. కానీ అయిదువందల జనాభా ఉన్న తండాకూ అదే ట్రాక్టరు, దాని కిస్తీ, డీజిలు, డ్రైవరు జీతం. అప్పు తెచ్చి పనులు చేసిన సర్పంచులు బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. కోనసీమ ఒరలూ ఈ ట్రాక్టర్లూ ఒకే బాపతు. ఢిల్లీ బదులు హైదరాబాద్, అంతే తేడా.

కేరళను చూడమని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం పేరుతో ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, కృషి భవన్లు (వ్యవసాయ కార్యాలయాలు) పంచాయతీల కిందకు తెచ్చారు. అయితే ఒక తేడా మరవకండి. కేరళ మొత్తానికి గ్రామ పంచాయతీలు వెయ్యిలోపే, ఒక్కోదానిలో పాతికవేల పైచిలుకు జనం. తెలంగాణలో పన్నెండు వేల ఏడువందలు దాటాయి, ఏపీలో పదమూడు వేల పైన. తండాలు పంచాయతీలు కావడం ఆత్మగౌరవం సంగతి, అందులో నాకు సందేహం లేదు. కానీ ఇంటిపన్నుతో కార్యదర్శి జీతం కూడా రాని చోట స్వయంప్రతిపత్తి అంటే ఏమిటో కొత్తగా ఆలోచించాలి. నాలుగైదు పంచాయతీలు కలిసి ఒక ఇంజినీరును, ఒక లెక్కలవాణ్ణి పెట్టుకోవడం లాంటివి. 1986-87లో మూడువందల పైచిలుకు పంచాయతీ సమితుల్ని వెయ్యికి పైగా మండలాలు చేసినప్పుడు ఆఫీసు జనానికి దగ్గరైంది, అది ఎన్టీఆర్ చేసిన గొప్ప పని. ఇప్పుడు ఆ మండల పరిషత్తే ఈ ఉమ్మడి పనికి పనికొచ్చే చోటు. కానీ 14వ ఆర్థిక సంఘం డబ్బంతా గ్రామ పంచాయతీలకే ఇవ్వడంతో, ఆ అయిదేళ్లూ మా మండల పరిషత్ అధ్యక్షులకు సర్వసభ్య సమావేశంలో టీ, బిస్కట్లు తప్ప పంచడానికి ఏమీ లేకపోయింది.

మరి ఏది పైన ఉండాలి, ఏది కింద? తుపాను తీసుకోండి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయారు. 2014లో హుద్‌హుద్ విశాఖ మీదే దిగింది, ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. తుపాను ఎక్కడుందో, ఎటు వస్తుందో చెప్పేది కేంద్ర వాతావరణ శాఖ. ఆ ఉపగ్రహాన్ని ఏ జిల్లా పరిషత్తూ ఎగరెయ్యలేదు. బస్సులు, బియ్యం, షెల్టర్లు రాష్ట్రం, కలెక్టరు చూస్తారు. కానీ ఫలానా ఇంట్లో ముసలమ్మ మేకల్ని వదిలి కదలదని, ముందు మేకల్ని తోలుకెళ్తే ఆమే వెనకాల వస్తుందని తెలిసేది ఊళ్లోవాళ్లకే. తుపాను డ్యూటీల్లో నేను నేర్చుకున్నది ఇది. కబురు పైనుంచి రావాలి, ఖర్చు మధ్యలోవాళ్లు పెట్టాలి, ఎలా చెయ్యాలన్నది కిందివాళ్లకు వదలాలి.

ఉపాధి హామీది మరో రకం పాఠం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. హక్కు కేంద్ర చట్టం ఇచ్చింది. కూలి డబ్బు దాదాపు మొత్తం అప్పట్లో కేంద్రమే ఇచ్చేది. మన రాష్ట్రం మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) దగ్గర్నుంచి చెల్లింపుల దాకా కంప్యూటర్‌లో పెట్టి, సామాజిక తనిఖీ పెట్టి, దేశానికి దారి చూపించింది. తనిఖీ గ్రామసభలో పేర్లు చదువుతుంటే, చచ్చిపోయినవాళ్లు కూడా పని చేసినట్టు తేలి, మా సిబ్బంది తల దించుకున్న రోజులున్నాయి. కానీ చట్టం ప్రకారం పనుల్లో కనీసం సగం చెయ్యాల్సిన పంచాయతీని మనం పక్కన పెట్టేశాం. పని ఫీల్డ్ అసిస్టెంటు నుంచి మండల కంప్యూటర్ సెంటరుకు పోయేది. దొంగతనం తగ్గింది, పంచాయతీ మాత్రం పని నేర్చుకోలేదు. అప్పట్లో నేను దీన్ని గట్టిగా సమర్థించాను. ఇప్పుడైతే పంచాయతీ చేతికే ఇచ్చి, అదే తనిఖీని రెట్టింపు చెయ్యమంటాను.

కాబట్టి ఎవరిది కరెక్ట్ అంటే, ఏ జాబితాలో ఎన్ని అంశాలున్నాయో లెక్కపెట్టి తేల్చలేం. నా మటుకు మూడు సంగతులు చూస్తాను: ఉద్యోగిని బదిలీ చేసేది ఎవరు, ఖాతాలో డబ్బు ఆపగలిగేది ఎవరు, గెలిచినవాణ్ణి దించగలిగేది ఎవరు. ఈ మూడూ పైవాడి చేతిలో ఉంటే కింద ఎన్ని తీర్మానాలు చేసినా కాగితమే. కేంద్రం, రాష్ట్రాల మధ్య ఈ మూడూ కొంతవరకైనా పంచుకున్నారు. రాష్ట్రం, పంచాయతీ మధ్య మూడూ రాష్ట్రానివే. సర్పంచిని సస్పెండ్ చేసే అధికారం కలెక్టరుకుంది, ముఖ్యమంత్రిని సస్పెండ్ చేసే అధికారం ఏ కేంద్ర అధికారికీ లేదు.

అలాగని తప్పంతా పైవాళ్ల మీద తొయ్యలేను. ఇంటిపన్ను పెంచుకునే అధికారం పంచాయతీకి ఉంది. నా సర్వీసు మొత్తంలో పన్ను పెంచుతామని తమంతట తాము తీర్మానం చేసిన పంచాయతీలు రెండే. మార్చి నెలలో కార్యదర్శులు గుమ్మం గుమ్మం తిరిగి బతిమాలేవారు. మేడ ఉన్నవాళ్లే "రేపు రండి" అనేవారు.

ఈసారి పండక్కి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యండి. ఇ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో మీ పంచాయతీ పేరు కొడితే ప్రణాళిక, వచ్చిన డబ్బు, ఖర్చు కనిపిస్తాయి. ఆర్థిక సంఘం నుంచి ఎంత వచ్చింది, అందులో ఊరు తన ఇష్టప్రకారం ఖర్చు పెట్టగలిగింది ఎంత, చూడండి. ఊరి సొంత ఆదాయం ఎంతో కార్యదర్శిని అడిగితే చెబుతారు. ఆ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి మీ అన్నయ్య ముందు పెట్టండి. ఇంటిపన్ను రశీదు కూడా పక్కన పెట్టమనండి, ఆయన కట్టి ఉంటే.